అత్తయ్య దొంగచాటుగా పెట్టిన బిస్కెట్

పేరు రాయొద్దన్న ఒక తల్లి పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి చెబుతున్నాను.

ఆమె పాపకు ఇప్పుడు 22 నెలలు. మూడో నెల నుంచే బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా, అంటే చర్మం ఎండి ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఉండేదట. ఎనిమిదో నెలలో మొదటిసారి రెండు చెంచాల పెరుగు తినిపిస్తే పది నిమిషాల్లో పెదాలు ఉబ్బి, మెడ చుట్టూ దద్దుర్లు తేలాయి. పదకొండో నెలలో ఉడికించిన గుడ్డు చిన్న ముక్క పెడితే ఈసారి ఒళ్లంతా దద్దుర్లు, వెంటవెంటనే రెండు వాంతులు, ఆగని దగ్గు. ఆస్పత్రికి పరిగెత్తారు, కాసేపటికి సర్దుకుంది, దద్దుర్లు తగ్గే సిరప్ ఒకటి రాసి పంపించారు. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే పాలు, గుడ్డు గట్టిగా పాజిటివ్ వచ్చాయి. గోధుమ, సోయా, వేరుశనగ, చేప కూడా 'స్వల్పంగా' పాజిటివ్. ఆ రోజు నుంచి ఆరూ బంద్. అప్పటికే పాప రెండు నెలలుగా గోధుమ తింటోందని, ఏమీ కాలేదని ఉత్తరంలో ఒక మూల రాశారు. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు పాప తినేవి అన్నం, పప్పు, బంగాళాదుంప, అరటిపండు, ఆపిల్, అంతే. పాలకు బదులు బియ్యంతో చేసిన ప్యాకెట్ డ్రింక్ తాగుతోంది. ఒక పూట తిండికి గంటన్నర, అదీ చేతిలో ఫోన్ ఉంటేనే. నాలుగు నెలలుగా బరువు పెరగలేదు. ఇంతలో పోయిన నెల వాళ్ల అత్తయ్య, కోడలు స్నానానికి వెళ్లినప్పుడు పాపకు మామూలు బిస్కెట్ పెట్టింది. పాపకేమీ కాలేదు. "చూశావా, మా కాలంలో ఈ అలర్జీలు ఎక్కడివి, కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అని ఇప్పుడు రోజూ ఇదే పాట. భర్త ఎవరి పక్షమూ మాట్లాడడు. రెండు నెలల్లో ఈవిడ ఉద్యోగంలో చేరాలి. అత్తయ్య మాట వినాలా, పాపను క్రెష్‌లో వేయాలా, ఉద్యోగం మానేయాలా, ఎప్పటికి మామూలుగా తింటుంది, అసలు కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు తిన్నాను అని అడుగుతూ చివర్లో "నాకే పిచ్చి పట్టిందేమో" అని ముగించారు.

చూడండమ్మా, నేను డాక్టర్‌ని కాను. మా ఇంట్లోనూ ఒక అలర్జీ పిల్లాడు పెరిగాడు, ఆ పదేళ్లలో డాక్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే చెబుతాను. మందు, మోతాదు, ఏది ఎప్పుడు పెట్టాలన్నది మీ డాక్టర్ చెప్పాల్సిందే.

చివరి ప్రశ్నకు ముందు జవాబు. మీరేం తప్పు తినలేదు. కడుపుతో ఉన్నప్పుడు పాలో గుడ్డో మానేస్తే బిడ్డకు అలర్జీ రాదని తేలలేదు, అందుకే ఇప్పుడు ఎవరూ అలా మానమని చెప్పరు. పసితనంలో ఎగ్జిమా ఎక్కువగా ఉన్న పిల్లలకే అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. చర్మం పగిలి ఉన్నప్పుడు తిండి తాలూకు ప్రోటీన్ నోటి కంటే ముందు చర్మం గుండా లోపలికి పోతే ఒంటికి అది శత్రువుగా పరిచయమవుతుందని చాలామంది నిపుణులు అనుకుంటున్నారు. ఇందులో మీ చేతిలో ఉన్నదల్లా ఆ చర్మాన్ని ఎండిపోకుండా చూసుకోవడం, అది ఇప్పటికీ చేయొచ్చు.

ఇక మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో రాసి దాటేసిన విషయం నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. గుడ్డు తిన్నప్పుడు దద్దుర్లు, వాంతులు, దగ్గు మూడూ కలిసి వచ్చాయన్నారు. చర్మం ఒక్కటే కాకుండా కడుపు, ఊపిరి కూడా కలిసాయంటే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు, అంటే తీవ్రమైన అలర్జీ. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. మీ దగ్గరున్న సిరప్ దురద తగ్గిస్తుంది, దద్దుర్లు తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న బీపీని లేపదు. కాబట్టి ఆహారం సంగతులన్నిటి కంటే ముందు అలర్జీ డాక్టర్‌ని కలిసి "మాకు అడ్రినలిన్ ఇంట్లో ఉండాలా" అని సూటిగా అడగండి. పెన్నులా వచ్చే ఇంజెక్షన్ దొరక్కపోతే సిరంజితో ఎలా ఇవ్వాలో నేర్పమనండి. తొడ బయటి వైపు మధ్యలో, బట్టల మీద నుంచైనా ఇవ్వొచ్చు. ఇచ్చాక పాపను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పకూడదు, నిలబెట్టకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి, ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టాలి. వెంటనే అంబులెన్స్. అయిదు నిమిషాలైనా తగ్గకపోతే రెండో డోసు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావొచ్చు, అందుకే ఆస్పత్రిలో కొంతసేపు ఉంచుతారు. ఇంత చిన్న పిల్లలు "గొంతు పట్టేసింది" అని చెప్పలేరు కదా, గొంతు బొంగురుపోవడం, నాలుక గోక్కోవడం, ఆగని దగ్గు, ఉన్నట్టుండి మెత్తబడి నిద్రలోకి జారిపోవడం, ఇవీ మీరు చూడాల్సిన గుర్తులు.

ఇప్పుడు బిస్కెట్ దగ్గరికి వద్దాం.

అత్తయ్య చేసింది తప్పు, అందులో అనుమానం లేదు. మీకు తెలియకుండా, మందు చేతిలో లేకుండా చేసింది. కానీ కోపం కాస్త పక్కన పెట్టి చూస్తే ఆ బిస్కెట్ మీకు రెండు సంగతులు చెప్పింది. మామూలు బిస్కెట్ అంటే అందులో గోధుమ పిండి ఉంటుంది, చాలావాటిలో పాలపొడీ ఉంటుంది. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో దాదాపు 70 శాతం మంది పిండిలో కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన పాలను తట్టుకుంటారు. ఆ వేడికి పాల ప్రోటీన్ల ఆకారం మారిపోతుంది, పిండితో కలిసి ఉండటం వల్ల ఒంటికి అంత తేలిగ్గా చిక్కదు. గుడ్డుకూ దాదాపు అదే లెక్క. అంటే మీ పాప కాల్చిన పాలను తట్టుకునే రకం కావొచ్చు, ఇది మంచి వార్తే, ఎందుకంటే అలాంటి పిల్లలకు పాల అలర్జీ త్వరగా పోయే అవకాశం ఎక్కువ. కానీ అలర్జీ పోయిందని అర్థం కానే కాదు. అదే పాప రేపు ఒక చెంచా పెరుగు తింటే ఎనిమిదో నెలలో జరిగిందే జరగొచ్చు, ఇంకా ఎక్కువే జరగొచ్చు. జ్వరం ఉన్న రోజో, ఆయాసం ఉన్న రోజో అదే బిస్కెట్ కూడా వేరేలా పనిచేయొచ్చు.

రెండో సంగతి గోధుమ. రెండు నెలలు తిన్నప్పుడు ఏమీ కాలేదు, పోయిన నెల బిస్కెట్‌లో తింటే ఏమీ కాలేదు, మరి దాన్ని ఎందుకు ఆపారు? కాగితం మీద 'స్వల్పంగా పాజిటివ్' అని ఉంది గనక. ఇక్కడే చాలా కుటుంబాలు ఇరుక్కుంటాయి. ఆ పరీక్ష చెప్పేదల్లా ఒంటికి ఆ పదార్థం ముఖం తెలుసని. ముఖం గుర్తుపట్టడం వేరు, కొట్లాటకు దిగడం వేరు. పాజిటివ్ వచ్చినా హాయిగా తినే పిల్లలు బోలెడంత మంది. పైగా ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఇలా పొడుగాటి జాబితాతో పరీక్ష చేయిస్తే ఏదో ఒకటి స్వల్పంగా తగలకుండా ఉండదు. తిని తేడా వచ్చిందా లేదా అన్నదే అసలు లెక్క, పరీక్ష దానికి తోడు మాత్రమే. మీ ఉత్తరం ప్రకారం నిజంగా తేడా చేసినవి రెండే, పాలు, గుడ్డు. మిగిలిన నాలుగింటినీ కాగితమే ఆపింది.

ఇది ఊరికే ఆపితే పోయేదేముంది, జాగ్రత్తే కదా అనిపిస్తుంది. పోయేది చాలా ఉంది. తింటూ ఉన్న పదార్థాన్ని నెలల తరబడి మానేస్తే కొందరు పిల్లలకు, ముఖ్యంగా ఎగ్జిమా ఉన్నవాళ్లకు, ఒంటికి ఉన్న ఆ ఓర్పు పోయి నిజంగానే అలర్జీ మొదలవుతుంది. ఇక ఎన్నడూ తినని వేరుశనగ సంగతి. 2000లో అమెరికా పిల్లల డాక్టర్లు అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టొద్దన్నారు, 2008లో ఆ సలహా వెనక్కి తీసుకున్నారు. 2015లో లండన్‌లో 640 మంది పిల్లల మీద చేసిన లీప్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు 4 నుంచి 11 నెలల మధ్య వేరుశనగ మొదలుపెట్టి క్రమం తప్పకుండా తినిపిస్తే, అయిదేళ్లు వచ్చేసరికి వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. మొత్తం సలహా తలకిందులైంది. మీ అత్తయ్యకు ఈ కథ చెప్పండి, డాక్టర్లే మాట మార్చారని తెలిస్తే ఆవిడ కాస్త చల్లబడుతుంది. "కొంచెం కొంచెం" అన్న ఆవిడ మాటలో సగం నిజముంది. కాకపోతే అది అలర్జీ మొదలవక ముందు. మొదలయ్యాక కూడా కొంచెం కొంచెం ఇచ్చి అలవాటు చేసే చికిత్స ఉంది, దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి, ఆస్పత్రిలో మొదలుపెట్టి, నెలల తరబడి చేస్తారు. మీరు స్నానానికి వెళ్లినప్పుడు కాదు.

మరి ఆ నాలుగింటినీ ఏం చేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే అన్నీ ఆపి ఉంచొచ్చు, రేపటికి టెన్షన్ తక్కువ, కానీ బరువు సమస్య, అయిదు రకాల తిండి సమస్య అలాగే ఉంటాయి, కొత్త అలర్జీ ముప్పు పెరుగుతుంది. మీరే ధైర్యం చేసి ఇంట్లో ఒక్కొక్కటి పెట్టి చూడొచ్చు. ఒకసారి అనాఫిలాక్సిస్ వచ్చిన పిల్లకు, చేతిలో అడ్రినలిన్ లేకుండా అది చేయొద్దనే అంటాను, పాలు, గుడ్డు అయితే అసలు ముట్టుకోవద్దు. మూడోది, అలర్జీ డాక్టర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కదాని చరిత్ర చెప్పి, ఏది ఇంట్లో పెట్టొచ్చు, ఏది ఆస్పత్రిలో వాళ్ల కళ్ల ముందు పెట్టి చూడాలి అని విడగొట్టించుకోవడం. ఆస్పత్రిలో కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూసే ఆ పరీక్షే అన్నిటికంటే నమ్మకమైనది. సగం రోజు పడుతుంది, పాప మొండికేస్తే మళ్లీ వెళ్లాలి, అక్కడే రియాక్షన్ రావొచ్చు కూడా, కానీ వస్తే మందూ మనుషులూ పక్కనే ఉంటారు. నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. గోధుమ, వేరుశనగ ఈ రెంటి గురించీ ముందు అడగండి. వేరుశనగ పెట్టమంటే మెత్తని ముద్దగా పల్చన చేసే పెట్టాలి, గింజలు అయిదేళ్లదాకా వద్దు, గొంతులో అడ్డం పడతాయి.

బరువు గురించి. రెండో ఏడాదిలో పిల్లలు మొదటి ఏడాదంత పెరగరు, ఏడాది మొత్తానికి రెండు, రెండున్నర కిలోలు పెరిగితే మామూలే. కానీ నాలుగు నెలలు అసలు కదలకపోవడం మామూలు కాదు, దీన్ని వాయిదా వేయొద్దు. నా అనుమానం ఆ బియ్యం డ్రింక్ మీద. అందులో ప్రోటీన్ దాదాపు ఉండదు, కొవ్వూ తక్కువే, బియ్యంలో సహజంగా ఉండే ఆర్సెనిక్ వల్ల బ్రిటన్‌లో అయిదేళ్లలోపు పిల్లలకు పాల బదులు దాన్ని ఇవ్వొద్దని అధికారికంగానే చెబుతారు. కడుపు నిండిన భ్రమ కల్పించి అసలు తిండికి ఆకలి లేకుండా చేస్తుంది. దీనికి బదులు పాల ప్రోటీన్‌ను బాగా ముక్కలు చేసిన ఫార్ములా (డబ్బాపాల పొడి), అదీ పడకపోతే అమైనో ఆమ్లాల ఫార్ములా, సోయా పడుతుందని తేలితే కాల్షియం కలిపిన సోయా డ్రింక్, ఇవి డాక్టర్‌తో మాట్లాడదగ్గవి. మేకపాలు, గేదెపాలు మాత్రం ఎవరు చెప్పినా వద్దు, ఆ ప్రోటీన్లు ఆవుపాల వాటికి తోబుట్టువుల్లాంటివి. లాక్టోజ్ లేని పాలూ అంతే, లాక్టోజ్ చక్కెర, మీ పాప సమస్య ప్రోటీన్. ఈ వయసుకు రోజుకు 500 నుంచి 700 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, పాలు లేకుండా అది ఊరికే రాదు. విటమిన్ డి, అయోడిన్, ఐరన్ సంగతి కూడా పిల్లల డైటీషియన్‌తో లెక్క వేయించుకోండి. ఆ అపాయింట్‌మెంట్ దొరికేదాకా అన్నం, పప్పు, దుంపల్లో పాపకు పడే నూనె ధారాళంగా కలపండి, ఒక టీ చెంచా నూనెకు 40 కేలరీలకు పైనే.

ఇక గంటన్నర యుద్ధం. పాప ఎందుకు తినదో ఒక్క కారణం చెప్పలేం. ఈ వయసులో కొత్త తిండిని చూస్తే వెనక్కి తగ్గడం పిల్లలందరికీ ఉంటుంది. దానికి తోడు ఈ పిల్లకు రెండుసార్లు తిండి వల్ల ఒళ్లు మండింది, ఆ జ్ఞాపకం మాటల్లో లేకపోయినా ఎక్కడో ఉంటుంది. మూడోది మీకు నచ్చకపోవచ్చు. ప్రతి ముద్దకూ మీరు పాప పెదాల వంక, మెడ వంక చూస్తారు కదా, పాప మీ ముఖం వంక చూస్తుంది. తల్లి ముఖంలో భయం కనిపిస్తుంటే నోరు తెరవాలని ఏ పిల్లకూ అనిపించదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, నేనూ అలాగే చూసేవాణ్ని, మా వాడు నన్ను చూసి తనూ అద్దంలో మూతి చూసుకునేవాడు.

దీనికి నేను చెప్పగలిగింది ఒక పద్ధతి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ వంతు. తినాలా, ఎంత తినాలి అన్నది పాప వంతు. రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు చిరుతిళ్లు, మధ్యమధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేదు. పూటకు అరగంట, ఆపైన కంచం తీసేయడమే, తిట్టకుండా, బతిమాలకుండా. ఫోన్ పక్కన పెట్టేయండి. మొదటి వారం పది రోజులు తక్కువే తింటుంది, గోల చేస్తుంది, ఇంట్లో వాళ్లు మీ మీద పడతారు. బరువు ఆగిన పిల్ల గనక ఆ పది రోజులూ డాక్టర్‌కు చెప్పి చేయండి. తనకు పడే కొత్త పదార్థం ఏదైనా ఒక చిటికెడు తెలిసిన తిండి పక్కన పెట్టి వదిలేయండి. ముట్టుకుని పారేసినా ఒక లెక్కే. కొన్నిటిని పది, పదిహేనుసార్లు చూపిస్తే గానీ నోట్లోకి వెళ్లవు. ముద్ద మింగడానికి కష్టపడటం, మాటిమాటికీ అడ్డం పడటం లాంటివి ఉంటే మాత్రం అది మొండితనం అనుకోకుండా చూపించండి.

క్రెష్ విషయంలో మీరు ఇల్లు క్షేమం, బయట ప్రమాదం అన్న లెక్కలో ఆలోచిస్తున్నారు. కానీ ఇప్పటిదాకా పాపకు చాటుగా బిస్కెట్ పెట్టింది క్రెష్ కాదు. నియమం రాసిపెట్టుకుని పాటించే క్రెష్, "ఏం కాదులే" అనుకునే ఇంటి కంటే మేలు కావొచ్చు. వెళ్లి అడగండి, అడ్రినలిన్ ఇవ్వడం ఎవరికి వచ్చు, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు, పిల్లలు ఒకరి కంచంలోంచి ఒకరు తినకుండా ఎలా చూస్తారు, తిన్నాక చేతులు సబ్బుతో కడుగుతారా అని. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ చేతికంటిన పాల ప్రోటీన్‌ను తీసేయదు. పాప ఫోటోతో, ఏమైతే ఏం చేయాలో వరుసగా రాసిన కాగితం డాక్టర్ దగ్గర రాయించుకుని ఇవ్వండి. మొహాలు చూసుకుని నసిగితే ఆ క్రెష్ వద్దు. ఉద్యోగం మానేయడం కూడా ఒక దారే, కాదనను, కానీ ఈ నిర్ణయం పరీక్షలన్నీ అయి జాబితా ఆరు నుంచి రెండుకు దిగుతుందో లేదో చూశాక తీసుకోండి. ఆరింటి భయంలో తీసుకున్న నిర్ణయం రెండింటి భయంలో వేరేలా ఉండొచ్చు. పాలు, గుడ్డు అలర్జీ చాలామంది పిల్లలకు బడికి వెళ్లే వయసులోనో, ఆ తర్వాతనో పోతుంది.

అత్తయ్యను పాప తిండి దగ్గరికి రానివ్వకపోవచ్చు, ఒక నెల శాంతి, తర్వాత చాటుమాటు ఇంకా ముదురుతుంది. నేనైతే ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిడనే వెంటబెట్టుకెళ్తాను. కోడలు చెబితే వాదన, డాక్టర్ చెబితే సమాచారం. ఇంజెక్షన్ ఇవ్వడం సూదీ మందూ లేని ట్రైనర్ పెన్నుతో ఆవిడ చేతే ప్రాక్టీస్ చేయించండి. మందు చేతిలో పట్టుకున్న మనిషి "ఏం కాదులే" అనడం తగ్గిస్తుంది. రోజుకు ఒక పూట పాపకు పడే తిండి పెట్టే పని పూర్తిగా ఆవిడకే ఇచ్చేయండి, మీరు ఆ అరగంట ఆ గదిలో ఉండకండి. ఇక మీవారికి లేబుల్స్ చదివే పని. కేసిన్, కేసినేట్, వే (whey), లాక్టాల్బ్యుమిన్ అని ఉంటే పాలు, ఆల్బుమిన్ అని ఉంటే సాధారణంగా గుడ్డు. ఒకసారి చూసిన ప్యాకెట్‌నే మళ్లీ కొన్నా మళ్లీ చదవాలి, కంపెనీలు చెప్పకుండా మారుస్తుంటాయి. ఎవరి పక్షమూ తీసుకోని మనిషికి పని అప్పజెబితే కొంతకాలానికి ఏదో ఒక పక్షం వచ్చే తీరుతుంది.

ఆ బిస్కెట్ ప్యాకెట్ ఇంకా ఇంట్లో ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పారేసి ఉంటే అది ఏ రకమో, పాప ఎన్ని తిందో, అదొక్కసారేనా ఇంకెప్పుడైనా పెట్టారా అని అత్తయ్యను అడిగి రాసుకోండి. కోప్పడకుండా అడగండి, లేకపోతే ఒక్కటే పెట్టానంటుంది.